ఏడో నెల నుంచి కాన్పు దాకా: ఏది మామూలు, దేనికి ఆగకూడదు, పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: తొలిచూలు, హైదరాబాదు

అందరికీ నమస్కారం. నాకిది తొలి కాన్పు. 27 వారాలు నిండాయి. ప్రసవ తేదీ జూన్ మొదటి వారంలో ఉంటుందని మా వైద్యురాలు చెప్పారు. వేవిళ్లు తగ్గిన తరువాత కొంతకాలం హాయిగానే గడిచింది కానీ ఈ మధ్య మళ్లీ కొత్త ఇబ్బందులు మొదలయ్యాయి. రాత్రి పడుకోగానే గుండెల్లో మంట, తెల్లవారుజామున పిక్కలు పట్టేయడం, సాయంత్రానికి పాదాల వాపు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నాయి. అప్పుడప్పుడు పొట్ట మొత్తం ఒక్కసారిగా గట్టిపడి, కొద్దిసేపటికి మళ్లీ మామూలవుతోంది. వీటిలో ఏది సహజమో, దేనికి కంగారు పడాలో నాకు తెలియడం లేదు. ఆసుపత్రిలో మా వంతు వచ్చేసరికి అడగాలనుకున్న ప్రశ్నల్లో సగం గుర్తుండవు.

ఇంట్లో మరో చర్చ జరుగుతోంది. నా పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. ఏడో నెలలో శ్రీమంతం చేసి వెంటనే తీసుకువెళతామని అమ్మ అంటోంది. ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదని, ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతికినా ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ నిలవదని మా అత్తగారు చెబుతున్నారు. ఇన్నాళ్లూ చూసిన వైద్యురాలిని వదిలి వెళ్లడానికి నాకు మనసు ఒప్పడం లేదు, అలాగని కాన్పు వేళకు అమ్మ దగ్గర లేకపోవడమూ ఊహించుకోలేకపోతున్నాను. ఈ మూడు నెలల్లో ఏ పరీక్షలు తప్పనిసరి, సాధారణ కాన్పు కావాలంటే మన చేతిలో ఏముంది, ప్రయాణం ఎప్పుడు మంచిది అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: ప్రసూతి వార్డు నర్సు, కోనసీమ

అమ్మా, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ దాదాపు ప్రతి గర్భిణిలోనూ ఈ నెలల్లో కనిపించేవే. గర్భసంచి పైకి పెరిగి జీర్ణాశయాన్ని, ఊపిరితిత్తుల కింది భాగాన్ని నొక్కుతుంది కాబట్టి గుండెల్లో మంట, ఆయాసం వస్తాయి. రాత్రి భోజనం ఎనిమిది గంటలకల్లా ముగించి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిని, తలవైపు కొంచెం ఎత్తు పెట్టుకుని పడుకుంటే మంట చాలావరకు తగ్గుతుంది. అయినా తగ్గకపోతే వాడదగిన మందులున్నాయి, వైద్యురాలినే అడగండి, సొంతంగా సోడాలు, ఉప్పులు తాగకండి. పిక్కలు పట్టేసినప్పుడు కాలు చాచి పాదాన్ని మీ వైపుకు వంచితే నొప్పి వదులుతుంది. పొట్ట గట్టిపడి వదిలేయడాన్ని మన ఊళ్లలో దొంగ నొప్పులంటారు. అవి ఒక వరుస లేకుండా వచ్చి, మంచినీళ్లు తాగి కాసేపు పడుకుంటే సర్దుకుంటాయి. 37 వారాలు నిండకముందే అవి గంటలో నాలుగైదు సార్లు క్రమం తప్పకుండా వస్తున్నా, నడుము నుంచి ముందుకు నొప్పి పాకుతున్నా, నీరులాంటి స్రావం పోతున్నా అవి దొంగ నొప్పులేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముందుముందు మరికొన్ని మార్పులు చూస్తారు. మలబద్ధకం, మొలలు రావచ్చు. తుంటి కీళ్లు వదులై నడక మారుతుంది. రొమ్ముల నుంచి పసుపుపచ్చని చిక్కని చుక్కలు కారవచ్చు, అవి ముర్రుపాలు, భయపడవలసినది కాదు. 36 వారాల తరువాత బిడ్డ తల కటిభాగంలోకి దిగితే పొట్ట జారినట్లు కనిపిస్తుంది. అప్పుడు ఆయాసం తగ్గి, మూత్రానికి పదేపదే వెళ్లవలసి వస్తుంది. పొట్ట ఆకారాన్ని బట్టి మగబిడ్డో ఆడబిడ్డో చెప్పేవారు ఈ నెలల్లోనే ఎక్కువగా తారసపడతారు. ఆ మాటల్లో నిజం లేదు, పట్టించుకోకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది బిడ్డ కదలిక. 28 వారాల నుంచి రోజూ ఒకే వేళకు, భోజనం చేశాక, ఎడమవైపుకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి. తన్నడం, దొర్లడం, కుదుపు అన్నీ లెక్కలోకి వస్తాయి, ఎక్కిళ్లు మాత్రం రావు. రెండు గంటల్లో 10 కదలికలు తెలియాలి. చాలామందికి అరగంట లోపే ఆ లెక్క పూర్తవుతుంది. రెండు గంటలైనా పది పూర్తికాకపోతే, లేదా రోజూ ఉండే చురుకుదనం తగ్గినట్లు మీకే అనిపిస్తే, అది రాత్రి పదకొండు గంటలైనా సరే, తెల్లవారే దాకా ఆగవద్దు. నెలలు నిండాక బిడ్డకు చోటు చాలదు కనుక కదలిక తగ్గుతుందని పెద్దవాళ్లు చెప్పే మాట చాలా ప్రమాదకరమైనది. చోటు తగ్గినందువల్ల పెద్ద తన్నులకు బదులు దొర్లినట్లు, నెట్టినట్లు అనిపించవచ్చు గానీ కదలికల సంఖ్య పడిపోకూడదు. ఆ మాట నమ్మి ఒకటి రెండు రోజులు ఊరుకుని, ఆ తరువాత మా వార్డుకు వచ్చిన తల్లులను నేను చూశాను. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆగకూడని లక్షణాలు మరికొన్ని ఉన్నాయి. పాదాల వాపు సాయంత్రం వచ్చి ఉదయానికి తగ్గితే సహజమే. ముఖం, చేతివేళ్లు ఉన్నట్టుండి ఉబ్బి, ఉంగరం బిగుసుకుపోతే రక్తపోటు చూపించుకోవాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు డొక్క కింద నొప్పి గుర్రపువాతానికి, అంటే రక్తపోటు పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు, ముందు వచ్చే సూచనలు. రక్తపోటు 140/90 చేరితే తలనొప్పి లేకపోయినా అది జాగ్రత్త పడవలసిన అంకె. ఏ కొంచెం రక్తస్రావమైనా, అది నొప్పి లేకుండా పోయినా, మాయ కిందికి ఉండే అవకాశం ఉంది కనుక వెంటనే వెళ్లాలి. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే కాలేయానికి సంబంధించిన రక్తపరీక్ష అడగండి. దాన్ని వేడి చేసిందని కొట్టిపారేసేవారు ఎక్కువ, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, వరంగల్

చెల్లెమ్మా, ప్రయాణం గురించి నా అభిప్రాయం చెబుతాను. ఎనిమిదో నెల బిడ్డ నిలవదన్న నమ్మకానికి ఆధారం లేదు. గర్భంలో గడిపే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు బలమిస్తుంది కాబట్టి 33 వారాల బిడ్డకు 29 వారాల బిడ్డ కంటే బతికే అవకాశం ఎక్కువే ఉంటుంది. మీ అత్తగారితో వాదించడం కంటే, ఆవిడను ఒకసారి మీతో పాటు వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లి ఈ మాట ఆమె నోటనే వినిపించండి. మా ఇంట్లో ఆ ఉపాయమే పనిచేసింది. మన పెద్దలు నెలల్లో లెక్కిస్తారు, ఆసుపత్రిలో వారాల్లో లెక్కిస్తారు, ఈ రెండింటి మధ్య రెండు మూడు వారాల తేడా సులువుగా వస్తుంది. అందువల్ల ఇంట్లో అందరూ వారాల లెక్కనే పాటించేలా చూడండి.

మీది సాధారణ గర్భమే అయితే, రక్తపోటు, మధుమేహం, మాయ కిందికి ఉండటం వంటి సమస్యలు లేవని వైద్యురాలు చెబితే, 32 నుంచి 34 వారాల మధ్య బయలుదేరడం మేలని నాకనిపిస్తుంది. అంతకుముందే వెళితే ఇక్కడి పరీక్షలు మధ్యలో ఆగిపోతాయి. 36 దాటాక వెళితే కొత్త వైద్యులకు మీ గురించి తెలుసుకునే వ్యవధి ఉండదు, దారిలో నొప్పులు వచ్చే భయమూ ఉంటుంది. మీ లెక్క ప్రకారం అది ఏప్రిల్ నెల అవుతుంది. ఎండలు అప్పటికే ముదురుతాయి కాబట్టి పగటి కారు ప్రయాణం కంటే రాత్రి రైలు మంచిది. రైల్లో కింది బెర్తు తీసుకుని, గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. కారులోనే వెళ్లవలసి వస్తే సీటు బెల్టు కింది పట్టీ పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా ఉండాలి, పై పట్టీ రొమ్ముల మధ్యగా పోవాలి, పొట్టకు అడ్డంగా బిగించకూడదు. వేసవిలో ఒంట్లో నీరు తగ్గితే పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటుంది. అందుకని మే నెలంతా మజ్జిగ, కొబ్బరినీళ్లు, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. మధుమేహం ఉన్నవారు కొబ్బరినీళ్ల విషయం వైద్యులను అడిగి తాగాలి.

వెళ్లేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు. పుట్టింటి దగ్గర కాన్పు చేసే ఆసుపత్రిని ఇప్పుడే, ఏడో నెలలోనే, ఎంచుకుని ఒకసారి చూపించుకుని రండి, లేదా మీ అమ్మగారిని పంపి వివరాలు కనుక్కోండి. రాత్రివేళ మత్తు వైద్యులు అందుబాటులో ఉంటారా, రక్తం ఎంతసేపట్లో వస్తుంది, నెలలు నిండని బిడ్డ పుడితే అక్కడే ఉంచుతారా, వేరే ఊరికి పంపుతారా అని అడగండి. భవనం ఎంత కొత్తదన్నది తరువాతి సంగతి. ప్రభుత్వ ఆసుపత్రిని చిన్నచూపు చూడకండి. నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం ఉన్న జిల్లా ఆసుపత్రి, ఆ సదుపాయం లేని ప్రైవేటు నర్సింగ్ హోం కంటే కష్టకాలంలో ఎక్కువగా ఆదుకుంటుంది. స్కానింగు నివేదికలు, రక్తపరీక్షలు, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని, వాటి ఫొటోలు మీ ఫోనులోనూ మీ వారి ఫోనులోనూ ఉంచండి.

తిండి గురించి కూడా ఒక మాట. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని తొమ్మిదో నెలలో అన్నం తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అది తప్పు. బిడ్డ బరువు పెరిగేదే ఈ నెలల్లో. 28 వారాలకు ఇంచుమించు ఒక కిలో ఉండే బిడ్డ నెలలు నిండేసరికి మూడు కిలోల దగ్గరకు వస్తుంది. గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అది ఇద్దరి తిండేమీ కాదు. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగపప్పు కలిస్తే దాదాపు అంతే అవుతుంది. నెయ్యి ఎక్కువ తాగితే కాన్పు సులువవుతుందన్న మాటనూ నమ్మవద్దు.

సమాధానం: స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు

పైన నర్సుగారు, వరంగల్ సోదరి రాసిన విషయాలతో నేను ఏకీభవిస్తున్నాను. పరీక్షలు, మందులు, సిజేరియన్ గురించి చెబుతాను.

28 నుంచి 36 వారాల వరకు రెండు వారాలకొకసారి, ఆ తరువాత వారానికొకసారి చూపించుకోవడం మంచి పద్ధతి. ప్రతిసారీ బరువు, రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్, గర్భసంచి ఎత్తు, బిడ్డ గుండెచప్పుడు చూడాలి. ఇవి ఖరీదైన పరీక్షలు కావు గానీ ప్రాణాలు కాపాడేవి ఇవే. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తరువాత చేసే చక్కెర పరీక్ష మీకు జరగకపోయి ఉంటే ఈ వారమే చేయించుకోండి. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తాము. ఆహార నియమంతోనే చాలామందికి అది అదుపులోకి వస్తుంది. మీ రక్తం నెగటివ్ వర్గానిదై మీ భర్తది పాజిటివ్ అయితే, 28 వారాలకు యాంటీ డి ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడగండి. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తరువాత 72 గంటల లోపల మరొకటి ఇవ్వాలి. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు రాకుండా కాపాడే టీకాను 27 నుంచి 36 వారాల మధ్య వేస్తే తల్లి నుంచి బిడ్డకు రక్షణ చేరుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా కాపాడే టీడీ టీకా ఉచితంగా వేస్తారు.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే దాన్ని రక్తహీనత అంటాము. మన రెండు రాష్ట్రాల గర్భిణుల్లోనూ ఇది సాధారణమైపోయింది, అందువల్లనే దీన్ని తేలికగా తీసుకుంటున్నారు. కాన్పులో రక్తం పోవడం ఎవరికైనా జరగవచ్చు. 12 ఉన్న తల్లి తట్టుకునే రక్తస్రావం 8 ఉన్న తల్లికి ప్రాణాంతకం కావచ్చు. ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు ఉన్న మాత్ర రోజుకొకటి, కాల్షియం 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఇస్తారు. ఈ రెండింటినీ కలిపి వేసుకుంటే ఇనుము వంటబట్టదు. కాల్షియం భోజనంతో, ఇనుము మాత్ర కనీసం రెండు గంటల ఎడంతో నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకోవాలి, దానికి ముందూ వెనుకా కాఫీ, టీలు తాగకూడదు. మాత్రలు పడక వాంతులైతే మానేయకుండా చెప్పండి, ఇనుమును రక్తనాళం ద్వారా ఎక్కించే వీలుంది. కానీ 36వ వారంలో వచ్చి అడిగితే అది పనిచేయడానికి తగినంత సమయం మిగలదు.

సాధారణ కాన్పు గురించి అడిగారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. దేశంలోకెల్లా అత్యధికం తెలంగాణలోనిదే. తల్లుల శరీరాలు రాష్ట్రానికొక రకంగా ఉండవు కనుక ఇందులో చాలా శస్త్రచికిత్సలు వైద్యపరమైన అవసరం లేకుండా జరుగుతున్నాయని వైద్యురాలిగా నేను ఒప్పుకోవాలి. నొప్పులంటే భయం, వైద్యుల తొందర, పగటివేళ సదుపాయం, ముహూర్తం, ఇవన్నీ కారణాలే. ముహూర్తం కోసం 37వ వారంలోనే కోత అడిగే కుటుంబాలకు నేను ఒకే మాట చెబుతాను: అవసరం లేకుండా 39 వారాలు నిండకముందు బిడ్డను తీస్తే ఊపిరి అందని ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది, మంచి నక్షత్రంలో పుట్టిన ఆ బిడ్డ మొదటి రోజులు తల్లి పక్కన కాక పెట్టెలో గడపవలసి రావచ్చు. మరోవైపు, మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పినా, బిడ్డ అడ్డంగా ఉన్నా, నొప్పుల్లో బిడ్డ గుండెచప్పుడు పడిపోతున్నా సిజేరియన్ ప్రాణదానమే చేస్తుంది. దాన్ని ఓటమిగా తలచవలసిన పని లేదు. మీ వైద్యురాలిని అడగవలసిన సరైన ప్రశ్న ఒకటుంది: నాకు సిజేరియన్ అవసరమని మీరు ఏ పరిస్థితుల్లో నిర్ణయిస్తారు? జవాబు స్పష్టంగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

మీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. వైద్యులు వద్దనకపోతే రోజూ అరగంట నడక, కటి కండరాల వ్యాయామం, నొప్పుల వేళ శ్వాసపై పట్టు నేర్పే తరగతులు, కాన్పు గదిలో మీకు ధైర్యం చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండేలా ముందే అనుమతి తీసుకోవడం. చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నొప్పుల సమయంలో నిరంతరం తోడున్న తల్లులకు సాధారణ కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో పదేపదే తేలింది.

సమాధానం: బర్మింగ్‌హామ్ నుంచి ఒక తెలుగు తల్లి

ఇక్కడ బ్రిటన్‌లో కదలికల విషయంలో కొంచెం వేరే పద్ధతి ఉంది కనుక రాస్తున్నాను. ఇంత సంఖ్య అని పెట్టుకోవద్దని, ప్రతి బిడ్డకూ ఒక తీరు ఉంటుందని, ఆ తీరు మారిన రోజే ఆసుపత్రికి ఫోను చేయమని నాకు మంత్రసానులు చెప్పారు. ఇంట్లో గుండెచప్పుడు వినే చిన్న యంత్రాలు కొనుక్కుని వాటిని నమ్ముకోవద్దని కూడా హెచ్చరించారు, ఎందుకంటే తల్లి రక్తనాళాల చప్పుడే బిడ్డ గుండెచప్పుడని పొరబడి ధైర్యపడే ప్రమాదం ఉంది. 28 వారాల తరువాత వెల్లకిలా నిద్రపోవద్దని, ఏ పక్కకైనా తిరిగి పడుకోమని చెప్పారు. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్లు గమనిస్తే కంగారు పడకుండా పక్కకు తిరిగితే చాలు.

సమాధానం: ప్రసూతి వార్డు నర్సు, కోనసీమ

ఈ రెండు పద్ధతుల్లోనూ అసలు ఉద్దేశం ఒక్కటే. ఫోను చేస్తే పలికే మంత్రసాని లేని మన ఊళ్లలో, అత్తగారినో భర్తనో ఒప్పించి రాత్రివేళ బండి ఎక్కించవలసిన తల్లికి ఒక అంకె చేతిలో ఉండటం ఉపయోగపడుతుందని నా నమ్మకం. పది పూర్తయినా మీకు తేడాగా అనిపిస్తే మాత్రం అంకెను పక్కన పెట్టి మీ మనసు చెప్పినట్లే చేయండి.

తొలిచూలు, హైదరాబాదు

అందరికీ కృతజ్ఞతలు. చక్కెర పరీక్ష చేయించాను, 118 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది, మాత్రలు వేసుకునే వేళలు మార్చుకున్నాను. అత్తగారు నాతో పాటు వచ్చి వైద్యురాలితో మాట్లాడారు, 33వ వారంలో బయలుదేరడానికి ఒప్పుకున్నారు. అయితే 30 వారాల స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని, బొడ్డు పేగు మెడ చుట్టూ ఒక చుట్టు ఉందని రాశారు. నివేదిక చూసిన బంధువులొకరు ఇక ఆపరేషనే అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. అలాగే, నొప్పులు మొదలైతే ఎప్పుడు బయలుదేరాలో, వెంట ఏమి తీసుకువెళ్లాలో చెప్పగలరా?

సమాధానం: స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు

ఆ రెండు మాటలకూ ఇప్పుడు నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. 28 వారాల ప్రాంతంలో నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు ఎదురుకాళ్లతోనే ఉంటారు. నెలలు నిండేసరికి వారిలో ఎక్కువమంది తమంతట తామే తల కిందికి తిప్పుకుంటారు, నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే అలాగే మిగులుతారు. 36వ వారంలో మళ్లీ చూసి, అప్పటికీ తిరగకపోతే, ఇతర ఇబ్బందులు లేనివారికి అనుభవమున్న వైద్యులు పొట్ట మీద చేతులతో నెమ్మదిగా బిడ్డను తిప్పే ప్రయత్నం చేయవచ్చు. శస్త్రచికిత్సకు ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే అది చేయాలి. ఇంటి దగ్గర నూనె రాసి తిప్పుతామనేవారిని పొట్ట మీద చేయి వేయనివ్వకండి, మాయ విడిపోయే ప్రమాదం ఉంది.

మెడ చుట్టూ పేగు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉంటుంది. బిడ్డ తిరిగే కొద్దీ అది పడుతుంది, వదులుతుంది. గర్భంలో బిడ్డ గొంతుతో ఊపిరి తీసుకోదు, ప్రాణవాయువు పేగు ద్వారానే అందుతుంది. కాబట్టి ఒక చుట్టు ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయనవసరం లేదు, నొప్పుల్లో గుండెచప్పుడు గమనిస్తూ ఉంటే సరిపోతుంది. ఆ ఒక్క కారణంతో మీకు ఆపరేషన్ తేదీ ఇస్తే మరొక వైద్యుల అభిప్రాయం తీసుకోండి. 9.8 విషయంలో మాత్రం ఉదాసీనత వద్దు, నాలుగు వారాల తరువాత తిరిగి పరీక్షించి, పెరగకపోతే ఇంజెక్షన్ ద్వారా ఇనుము అడగండి.

సమాధానం: ఒక తండ్రి, కరీంనగర్

భర్తలు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి కనుక, ఈ భాగం మీ వారికి చూపించండి. మీ రక్తవర్గం ఉన్న బంధుమిత్రులు ఇద్దరిని పాలకొల్లు పరిసరాల్లోనే చూసి పెట్టుకోవాలి. రాత్రి ఏ వేళనైనా వచ్చే ఒక బండిని మాట్లాడి, అది రాకపోతే 108కి ఫోను చేయాలని ఇంట్లో అందరికీ తెలియజేయాలి. మీరు ఉద్యోగం చేస్తున్నట్లయితే, చట్టం ప్రకారం తొలి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది, అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోలేరు. ఆ లెక్కన ప్రయాణం తేదీకి సెలవు సరిపోతుందో లేదో ఇప్పుడే కూర్చుని చూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను వాహనం 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితమే. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వైద్యుల ఉచిత పరీక్షలు జరుగుతాయి, పుట్టింటికి చేరాక అక్కడి ఆశా కార్యకర్తకు మీ పేరు చెప్పి ఉంచండి.

సమాధానం: ప్రసూతి వార్డు నర్సు, కోనసీమ

మొదట తేదీ గురించి. జూన్ మొదటి వారమన్నది అంచనా మాత్రమే, సరిగ్గా ఆ రోజునే కనేవారు నూటికి నలుగురైదుగురికి మించరు. 37 వారాల నుంచి 41 వరకు ఎప్పుడైనా కావచ్చు కనుక సంచి 36వ వారానికే సిద్ధం చేసుకోండి. నివేదికలన్నీ, ఆధార్ కార్డు, కొంత నగదు, ముందువైపు తెరుచుకునే నైటీలు, పెద్ద ప్యాడ్లు, బిడ్డకు ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తని పాత నూలు బట్టలు, టోపీ, మీకు చెప్పులు, ఫోను చార్జరు చాలు. పాల సీసా, పాలపొడి పెట్టకండి. కాన్పు ఏ విధంగా జరిగినా మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించమని, బిడ్డ నోట్లో తేనె, చక్కెరనీళ్లు వేయవద్దని మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు చెబితే ఎవరూ వినిపించుకోరు.

అసలు నొప్పులు నడుములో మొదలై పొట్ట ముందుకు వస్తాయి. పడుకున్నా, నడిచినా తగ్గవు. వ్యవధి తగ్గుతూ, తీవ్రత పెరుగుతూ పోతాయి. తొలి కాన్పులో అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి దాదాపు నిమిషం పాటు, గంటసేపు అదే వరుసలో వస్తే బయలుదేరండి. ఆసుపత్రికి గంట ప్రయాణం ఉంటే అంతవరకు ఆగకుండా పది నిమిషాలకొకటి వస్తున్నప్పుడే కదలండి. నెలలు నిండాక చిక్కని జిగురుతో కలిసిన కొద్దిపాటి రక్తపు చార కనిపిస్తే నొప్పులు దగ్గరపడ్డాయని అర్థం, అది కనిపించాక ఒకటి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎర్రని రక్తం ధారగా పోతే మాత్రం క్షణం ఆగకూడదు.

ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లవలసిందే, ఆ సమయం గుర్తుపెట్టుకుని, శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని దాని రంగు చూడండి. ఆకుపచ్చగా గానీ గోధుమరంగుగా గానీ ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందని అర్థం, వైద్యులకు ఆ మాట ముందుగా చెప్పాలి. మీ బిడ్డ అప్పటికీ ఎదురుకాళ్లతోనే ఉండి ఉమ్మనీరు పోయిందంటే, పేగు ముందుగా జారే ప్రమాదం ఉంది కాబట్టి నడవకుండా, ఎడమవైపుకు పడుకునే ప్రయాణం చేయండి. ఏదైనా తాడులాగా కిందికి తగిలినట్లు అనిపిస్తే మోకాళ్ల మీద వంగి, తల కిందికి, పిరుదులు పైకి ఉండేలా పడుకోబెట్టి తీసుకురమ్మని వెంట వచ్చేవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇది అరుదుగా జరిగేదే, అయినా పక్కన ఉన్నవారికి తెలిసి ఉండటం అవసరం.

ఆసుపత్రికి వచ్చాక ముఖద్వారం ఇంకా తెరుచుకోలేదని ఇంటికి పంపితే చిన్నబుచ్చుకోకండి. తొలి కాన్పులో ఇది తరచూ జరుగుతుంది, అలా రెండు మూడు సార్లు రావడంలో తప్పేమీ లేదు. మా వార్డులో ఎవరైనా అందుకు విసుక్కున్నా, కదలిక తగ్గిందనిపించినప్పుడు మళ్లీ రావడం మానవద్దు.